పర్కింజీ కణాన్ని ఒంటరిగా ఉంచినా లయగా ఫైర్ అయ్యేలా చేసేది ఏ కరెంట్?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చిన్నమెదడు గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

పర్కింజీ కణాలు (చిన్నమెదడులోని పెద్ద నాడీకణాలు) గాబా అనే నిరోధక రసాయనాన్ని విడుదల చేసి చిన్నమెదడు లోపలి కేంద్రకాలను అణచిపెడతాయి కదా. వీటిని మిగతా కణాల నుంచి పూర్తిగా విడదీసినా సెకనుకు పదుల సార్లు, గడియారంలా ఫైర్ అవుతూనే (అంటే స్పైక్‌లనే చిన్న విద్యుత్ స్పందనలు ఇస్తూనే) ఉంటాయి. ఇది చదివినప్పటి నుంచి వేరే ఏదీ బుర్రకెక్కడం లేదు!

రామన్, బీన్ అనే పరిశోధకులు 1997లో వర్ణించిన రిసర్జెంట్ (మళ్లీ పుంజుకునే) సోడియం కరెంట్ కొంతవరకు అర్థమైంది. స్పైక్ సమయంలో ఒక అణువు తెరిచి ఉన్న సోడియం ఛానెల్‌కి (కణపొరలో సోడియం లోపలికి వచ్చే ద్వారానికి) అడ్డుపడుతుంది. వోల్టేజ్ దిగగానే అది తప్పుకుంటుంది, ఆ కాసేపు సోడియం మళ్లీ లోపలికి వస్తుంది. ఛానెల్ కూడా తర్వాతి స్పైక్‌కి త్వరగా సిద్ధమవుతుంది. కెవి3 అనే రకం పొటాషియం ఛానెల్స్ స్పైక్‌ని చప్పున ముగిస్తాయి.

నా సందేహం ఆ తర్వాతి దశ గురించి. రెండు స్పైక్‌ల మధ్య వోల్టేజ్‌ని మెల్లగా థ్రెషోల్డ్ (స్పైక్ మొదలయ్యే వోల్టేజ్) దాకా లాగేది ప్రధానంగా ఈ రిసర్జెంట్ కరెంటేనా, లేక పూర్తిగా ఆగిపోకుండా మిగిలే పర్సిస్టెంట్ సోడియం కరెంటా? కంప్యూటర్ మోడల్‌లో ఈ రెండింటినీ విడదీసి చూడటం ఎలా? ఛానెల్ తెరుచుకోవడం, మూసుకోవడాన్ని లెక్కించే మామూలు హాడ్జ్‌కిన్-హక్స్‌లీ గేట్లలో ఆ అడ్డుపడే స్థితికి చోటు లేదు కాబట్టి ఛానెల్ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడాన్ని లెక్కించే మార్కోవ్ మోడల్‌తోనే మొదలుపెట్టాలా? ఇలాంటి మోడల్ కట్టినవాళ్లు ముందు ఏ కరెంట్‌తో మొదలుపెట్టారో చెప్పినా నాకు చాలా మేలవుతుంది.