గాలివానకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలోంచి నీళ్లు వస్తున్నాయి, ఏం చేయాలి?

విశాఖలో మూడో అంతస్తు, సముద్రం వైపు గది. జూన్‌లో పాత టేకు కిటికీ తీయించి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు యూపీవీసీ స్లైడింగ్ కిటికీ పెట్టించాం. దోమల మెష్‌తో కలిపి మూడు ట్రాకులు.

మామూలు వానకు చుక్క రాదు. ఈదురుగాలితో జల్లు కొడితే మాత్రం పది నిమిషాల్లో కింది ట్రాకు నిండిపోయి, నీళ్లు గ్రానైట్ గట్టు మీంచి మంచం దాకా వస్తున్నాయి. బయట అంచులకు రెండుసార్లు సిలికాన్ కొట్టించాను. ట్రాకులో నీళ్లు పోయే రంధ్రాలు పుల్లతో శుభ్రం చేశాను. గాలి లేనప్పుడు చెంబుడు నీళ్లు పోస్తే చక్కగా బయటికి పోతున్నాయి. గాలి ఉంటే అవే రంధ్రాల్లోంచి బుడగలు కక్కుతూ వెనక్కి తన్నుకొస్తున్నాయి. పెట్టినతను "స్లైడింగ్ అంటే ఇంతే సార్" అంటున్నాడు, నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ రంధ్రాలకు బయట మూతలు బిగిస్తే ఆగుతుందా, లేక తలుపులా తెరుచుకునే కేస్‌మెంట్ కిటికీకి మార్చాల్సిందేనా?