ఫైర్ ఫోర్స్‌లో మీరెవరు? హీరోనా విలనా అన్నది స్వభావాన్ని బట్టి తేలుతుందా?

అగ్గిరవ్వ

ముందే చెబుతున్నా, ఫైర్ ఫోర్స్ అనే జపనీస్ యానిమే రెండో సీజన్ దాకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కథంతా బయటపడిపోతుంది.

మా గ్రూపులో ‘ఫైర్ ఫోర్స్‌లో మీరు ఏ పాత్ర’ అని ఒక క్విజ్ తిరుగుతోంది. ప్రశ్నలు మామూలువే. నలుగురిలో ఎక్కువ మాట్లాడతారా, కోపం త్వరగా వస్తుందా, ఎవరైనా నీరసపడితే హుషారు చేస్తారా, ఇలాంటివి. నాకు రెక్కా హోషిమియా వచ్చాడు. కింద ‘మీరు ఉత్సాహానికి మారుపేరు, చుట్టూ ఉన్నవాళ్లకు ధైర్యం నూరిపోస్తారు’ అని రాసుంది. నిజమే, ఫైర్ ఫోర్స్ దళాల్లో ఒకటైన కంపెనీ 1లో అతని హుషారు చూసే తమాకి అంతగా నమ్మింది. చివరికి ఆ అమ్మాయి చేతే చిన్నపిల్లల్ని పోగుచేయించాడు. పురుగుల్ని వాళ్ల ఒంట్లోకి వదిలి ఇన్‌ఫర్నల్స్‌గా మార్చాలని చూశాడు.

ఇన్‌ఫర్నల్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. ఈ కథలో మనుషులు ఉన్నట్టుండి తమంతట తామే అంటుకుని, మండుతూ తిరిగే ఆకారాలుగా మారిపోతారు. వాళ్లకు ప్రార్థన చేసి విముక్తి కలిగించడం ఫైర్ ఫోర్స్ పని.

నా వాదన ఇదీ: పైకి కనిపించే స్వభావాన్ని బట్టి హీరో, విలన్ అని జతకలిపితే అత్సుషి ఓకుబో రాసిన కథకే అది ఎదురు వెళ్తుంది. కథానాయకుడు షిన్రాని చూడండి. టెన్షన్ వస్తే అతని మొహం మీదికి నవ్వు వచ్చేస్తుంది, ఆపుకోలేడు. తల్లి పోయిన అగ్నిప్రమాదం రోజున కూడా ఆ నవ్వు చూసే జనం వాడే నిప్పుపెట్టాడని, దెయ్యమని ముద్ర వేశారు. మొహం చూసి మనిషిని తేల్చినందుకు ఒక పిల్లవాడి బాల్యం అంతా పోయింది. మరి మన క్విజ్ చేస్తున్నదీ అదే పని కాదా?

మంగాపిచ్చి

అన్నా, క్విజ్ మీద మరీ పెద్ద బరువు పెడుతున్నావు. అది చెప్పేది స్వభావం గురించి, మంచిచెడ్డల గురించి కాదు. నీకు రెక్కా వచ్చాడంటే నువ్వు పిల్లల్ని కాలుస్తావని అర్థం కాదు, నీలో ఆ హుషారు ఉందని. అందులో తప్పేముంది?

పైగా ఓకుబో పాత్రల్ని నిలబెట్టేదే స్వభావం మీద. ఆర్థర్ సంగతి తీసుకో. తాను నైట్ కింగ్, అంటే కత్తి పట్టిన వీరరాజు అని ఎంత గట్టిగా నమ్మితే అతని ప్లాస్మా కత్తికి అంత పదును. ఆ భ్రమ సడలితే కత్తి కూడా చల్లబడుతుంది. శక్తి నేరుగా మనస్తత్వం నుంచే వస్తోంది కదా! హినావా గురి, క్రమశిక్షణ వేరు, మాకి తన చిన్న నిప్పుబంతుల్ని పెంపుడు పిల్లల్లా చూసుకునే ముచ్చట వేరు. ‘నేను ఎవరిలా ఉన్నాను’ అని అడగడానికి ఇంతకంటే మంచి సిరీస్ నాకు కనబడలేదు. నాకు మాకి వచ్చింది, ఆనందంగా ఒప్పుకుంటున్నా.

కాన్వెంట్‌తోట

మీ ఇద్దరూ వదిలేసిన జంట ఒకటుంది, ఐరిస్, హిబానా. ఇద్దరూ ఒకే కాన్వెంట్‌లో పెరిగారు. అదే మంట, అదే రాత్రి, మిగిలింది ఈ ఇద్దరే. ఒకరు ప్రార్థనను గట్టిగా పట్టుకున్నారు. ఇంకొకరు దేవుణ్ణి వదిలేసి, ఇన్‌ఫర్నల్స్ మీద పరిశోధనలు చేసి కంపెనీ 5కి కెప్టెన్ అయ్యారు. సాటి మనుషుల్ని కాలికింద కంకర అనేదాకా వెళ్లారు.

మంగాపిచ్చి గారూ, హిబానాను మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్ దగ్గర క్విజ్‌లో పెడితే విలన్ వరుసలోకి వెళ్తుంది. ఆ తర్వాత కొన్ని ఎపిసోడ్లకే షిన్రా ఉన్న కంపెనీ 8కి అండగా నిలబడుతుంది. ఆమె పొగరు, మాట తీరు, ఎదుటివాళ్లని మోకాళ్ల మీద కూర్చోబెట్టే అలవాటు, ఏవీ మారలేదు. స్వభావం అలాగే ఉంది, పక్షం మాత్రం మారింది. అంటే పక్షాన్ని తేల్చేది స్వభావం కాదనే కదా?

డల్లాస్‌కుర్రాడు

హిబానా విషయంలో ఒప్పుకుంటా. కానీ ఇంకా కసుగతాని అనే అమ్మాయిని ఏం చేస్తారు? ఆ అమ్మాయిని ఎవరూ చిన్నప్పుడు ఎత్తుకుపోలేదు, బ్రెయిన్‌వాష్ చేయలేదు. మంట ఎటు వస్తుందో ముందే పసిగట్టే నేర్పుతో, కాలిపోతున్న చోట్ల దొంగతనాలు చేసుకుంటూ బతుకుతోంది. షిన్రా ఆమెను కాపాడాలని ప్రాణం పెట్టాడు. రెండు దారులూ కళ్లముందు ఉన్నాయి. చప్పగా బతకడం నావల్ల కాదని మనుషుల్ని ఇన్‌ఫర్నల్స్‌గా మార్చే విలన్ల ముఠా, తెల్లముసుగుల వైపే వెళ్లింది. ప్రమాదం అంటే కిక్కు, అంతే. అచ్చంగా స్వభావమే ఆమె పక్షాన్ని తేల్చింది.

అదే ముఠాలో ఉన్న షిన్రా తమ్ముడు షో సంగతి వేరు. పసివాడిగా ఉన్నప్పుడే ఎత్తుకెళ్లి పెంచారు కాబట్టి అతన్ని విలన్ లెక్కలో వేయడం అన్యాయం. ఇంకాకు ఆ సాకు లేదు. అందుకని అగ్గిరవ్వ వాదన సగమే నిజం అంటాను.

నల్లగొండనైట్‌షిఫ్ట్

నాకు బెనిమారు వచ్చాడు. ‘మీరు బద్ధకస్తులు, ఎవరి మాటా వినరు, ఒంటరిగా ఉండటం ఇష్టం’ అట! ఇది చదివి ఒళ్లు మండింది. బెనిమారు గురించి అంతేనా చెప్పేది?

ఆసకుసాలో ఎవరైనా ఇన్‌ఫర్నల్‌గా మారితే బెనిమారు నడిపే కంపెనీ 7 ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఈ కథలోని మతసంస్థ సోల్ టెంపుల్ చెప్పిన ప్రార్థన ఉండదు. ఊరంతా బయటికొస్తుంది. బెనిమారు మండే మతోయి మీద ఆకాశంలోకి ఎగిరి, తనవాడే అయిన ఆ మనిషిని ఘనంగా సాగనంపుతాడు. ఆ గొడవలో ఇళ్లు కూలిపోతాయి. జనం తిట్టుకోరు, మర్నాడు మళ్లీ కట్టుకుంటారు. చూడటానికి విధ్వంసంలా ఉంటుంది గానీ, దీని వెనక అసలు చరిత్ర ఉంది. పాత ఎడో (ఇప్పటి టోక్యో) నగరమంతా చెక్క ఇళ్లే. 1657లో మెయిరెకి అగ్నిప్రమాదం నగరంలో చాలా భాగాన్ని బూడిద చేసింది. 1720లో పేటలవారీగా అగ్నిమాపక దళాలు ఏర్పాటయ్యాయి. మంటను నీళ్లతో ఆపడం అప్పట్లో అయ్యే పని కాదు. గాలివాటున ఉన్న ఇళ్లను ముందే కూలగొట్టి, మంటకు దారి లేకుండా చేసేవాళ్లు. మతోయి అంటే ఆ దళం గుర్తు, పొడుగాటి కర్రకు చివర కట్టిన జెండా లాంటిది. దాన్ని పట్టుకున్నవాడు మంటకు దగ్గరున్న ఇంటి కప్పెక్కి నిలబడేవాడు. మంటను ఇక్కడే ఆపుతాం అని మిగతావాళ్లకు చెప్పడానికి.

ఇదంతా తన మీద వేసుకున్నవాణ్ణి పట్టుకుని బద్ధకస్తుడు, ఒంటరివాడు అంటే ఎలా? తన కుడిభుజం లాంటి కోన్రో ఒళ్లు బూడిదవుతుంటే లోపల ఎంత నలిగిపోయాడో చూడలేదా? కెప్టెన్ పదవి వద్దంటూనే ఊరి భారమంతా మోస్తున్నాడు. పాత్ర చేసే పనిని వదిలేసి మూడ్‌ను కొలిస్తే ఇలాంటి సమాధానాలే వస్తాయి.

మంగాపిచ్చి

మతోయి సంగతి బాగా చెప్పారు, ఇది నాకు కొత్త. అయినా నా మాట మీదే ఉన్నా. మీరు చెప్పినదంతా చెడ్డ క్విజ్ మీద ఫిర్యాదు. ప్రశ్నలు బాగా వేస్తే స్వభావం కచ్చితంగా పట్టుకోవచ్చు. కసుగతాని విషయంలో డల్లాస్ అన్నదానికి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు.

స్టేషన్‌పిల్ల

మా నాన్న ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అందుకే ఈ సిరీస్‌లో నా కళ్లన్నీ ఓబీ మీదే ఉంటాయి. అతను మంటను పుట్టించలేడు, తిప్పికొట్టలేడు. కండబలం, పరికరాలు, మనుషుల మీద ప్రేమ, ఇంతే అతని ఆస్తి. అలాంటివాడు ఇంతమంది శక్తిమంతులకు కెప్టెన్.

వేసవిలో గడ్డివాముల కాల్స్ ఆగకుండా వచ్చేవి. నాన్న ఎంత అలసిపోయి తిరిగొచ్చినా, తడిసిన హోస్‌లు ఆరబెట్టించి, టెండర్‌లో నీళ్లు నింపించాకే అన్నం ముందు కూర్చునేవారు. తర్వాతి కాల్ ఎప్పుడొస్తుందో తెలియదు కదా. ఇంట్లో ఆయన మహా కోపిష్టి. క్విజ్ రాస్తే ఏ తెల్లముసుగు విలనో వచ్చేవాడు. స్టేషన్‌లో చూసినవాళ్లు మాత్రం ఓబీ అనే అంటారు.

‘విలన్ వచ్చాడు, భలే ఉంది’ అని స్టేటస్‌లు పెట్టుకునేవాళ్లకూ ఒక మాట. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒకడు నిప్పుపెడితే 36 మంది చనిపోయారు. ఆ వారం రావాల్సిన ఫైర్ ఫోర్స్ మూడో ఎపిసోడ్‌ను వాయిదా వేశారు. తీసేవాళ్లకే ఈ సబ్జెక్ట్ బరువు తెలుసు. జోకర్ వచ్చాడంటే ముచ్చటపడండి. అతను సోల్ టెంపుల్ దాచిన నిజం కోసం ప్రాణాలకు తెగించినవాడు, చివరికి బెనిమారునే వెంటేసుకుని వెళ్లాడు. కానీ బతికున్న మనుషుల్ని అంటించేవాళ్లని ‘కూల్’ పర్సనాలిటీ అంటే నేను ఒప్పుకోను.

అగ్గిరవ్వ

డల్లాస్‌కుర్రాడు ప్రశ్నకు నా జవాబు. ఇంకాకు థ్రిల్ అంటే పిచ్చి, నిజమే. షిన్రాకు లేదా? కాళ్ల నుంచి మంట వదులుతూ ఆకాశంలో దూసుకుపోయేటప్పుడు అతని మొహం చూడండి. ఆ పిచ్చి ఇద్దరిలోనూ ఉంది. కసుగతాని కాలిపోతున్న ఇంట్లోకి వెళ్లి సొమ్ము తెచ్చుకుంది, షిన్రా మనిషిని తెచ్చాడు.

అందుకే స్టేషన్‌పిల్ల గారి నాన్నగారి లెక్కే నాకు నచ్చింది. నేను క్విజ్ రాస్తే ‘కోపం వస్తుందా’ అని అడగను. ‘కోపంగా ఉన్న రోజున పక్కింట్లో పొగ కనిపిస్తే మొదట ఏం చేస్తారు’ అని అడుగుతా. ‘మీ దళంలో ఒకరు మోసం చేశారని తెలిస్తే’ అని అడుగుతా. కంపెనీ 8 ఇంజినీర్ వల్కన్ అలాంటి చోటే, తనను మోసం చేసిన లిసాను వదిలేయకుండా వెనక్కి తెచ్చుకున్నాడు.

డల్లాస్‌కుర్రాడు

పక్కింటి పొగ ప్రశ్న బాగుంది. కానీ ఫోన్‌లో కూర్చుని జవాబు నొక్కేటప్పుడు ప్రతివాడూ షిన్రానే అవుతాడు. రెక్కాని అడిగినా ‘పరుగెత్తుకెళ్లి కాపాడతా’ అనే చెప్పేవాడు, అదీ మనస్ఫూర్తిగా! తాను చేసేది లోకానికి మేలని అతను నిజంగానే నమ్మాడు. నిజాయితీగా తప్పు జవాబిచ్చేవాణ్ణి మీ క్విజ్ ఎలా పట్టుకుంటుంది? ఇది తేల్చండి, అప్పుడు నా ఓటు మీకే.

కాన్వెంట్‌తోట

అతన్ని అడగకండి. అతని గురించి తమాకిని అడగండి, అదీ ఆ రోజు తర్వాత. క్విజ్ మన బదులు మన పక్కనున్నవాళ్లు రాయాలి. మా చెల్లికి ఇప్పుడే లింక్ పంపాను, నా పేరు మీద తను నింపుతోంది. ఏం వచ్చినా ఇక్కడ పెడతా.