పాత డెస్క్‌టాప్‌లో బొమ్మ రెండు సెకన్లు వచ్చి నల్లగా అయిపోతోంది, మదర్‌బోర్డే పోయిందా?

అనంత_డీటీపీ:
అనంతపురంలో మాకు చిన్న డీటీపీ అంగడి ఉంది, మా నాయన పెట్టింది. సిస్టమ్ చాలా పాతది, కోర్ టు డుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ, 17 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు అందులోనే ఉన్నాయి కాబట్టి మార్చలేదు. నెల రోజులుగా పొద్దున ఆన్ చేస్తే బొమ్మ రెండు సెకన్లు కనిపించి స్క్రీన్ నల్లగా అయిపోతోంది. మానిటర్ బటన్ పది పన్నెండు సార్లు ఆపి వేస్తే ఎప్పుడో నిలబడుతుంది, ఒకసారి నిలబడితే సాయంత్రం దాకా ఏమీ కాదు. నిన్నటి నుంచి అసలు నిలబడట్లేదు. మెకానిక్ వచ్చి చూసి మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకో అన్నాడు. శ్రావణం ముహూర్తాలకు పెళ్లి కార్డులు ఒప్పుకొని ఉన్నా, అడ్వాన్సులు కూడా తీసుకున్నా, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండన్నా.

నంద్యాల_కుర్రోడు:
బ్రో, ర్యామ్ తీసి ఆ బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టు. మాది అట్లాగే సరైంది. మదర్‌బోర్డు మీదుండే సీమోస్ సెల్లు కూడా మార్చు, సీఆర్ 2032 అని అడిగితే ఏ వాచీల అంగట్లో అయినా ఇస్తారు.

కడప_రిపేరు:
రబ్బరుతో రుద్దడం మంచి ఉపాయమే కానీ ఇక్కడ అది కాదనిపిస్తోంది. ర్యామ్ దగ్గర తేడా ఉంటే బొమ్మ రెండు సెకన్లు కూడా రాదు, బీప్ కొడుతుంది లేదా మానిటర్ మీద 'నో సిగ్నల్' అని పడుతుంది. తమ్ముడూ, రెండు విషయాలు చెప్పు. స్క్రీన్ నల్లబడ్డాక స్పీకర్‌లో విండోస్ మొదలయ్యే పాట వినిపిస్తోందా? మానిటర్ లైటు పచ్చగానే ఉందా, ఆరెంజ్‌కు మారుతోందా? తర్వాత గదిలో లైట్లు ఆపి, సెల్‌ఫోన్ టార్చి స్క్రీన్‌కు ఏటవాలుగా, బాగా దగ్గరగా పట్టి చూడు.

అనంత_డీటీపీ:
అన్నా, పాట వస్తోంది, లైటు పచ్చగానే ఉంది. టార్చి వేసి చూస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్లు చాలా మసగ్గా కనపడుతున్నాయి! అంటే సిస్టమ్ పని చేస్తున్నట్టేనా?

కడప_రిపేరు:
పని చేస్తున్నట్టే. నీ మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు, మానిటర్ లోపల వెలుగు ఆరిపోతోంది. పాత ఎల్‌సీడీల్లో తెర వెనక సన్నటి ట్యూబ్‌లైట్లు ఉంటాయి, వాటికి హై వోల్టేజి ఇచ్చేది ఇన్వర్టర్ బోర్డు. దానికి కరెంటు సరిగా అందకపోతే అది ఒకటి రెండు సెకన్లలో తనంతట తనే ఆగిపోతుంది. పది పన్నెండు సార్లు వేసి కాస్త వేడెక్కాక నిలబడేది చూడు, అదే గుర్తు, మానిటర్ పవర్ బోర్డులో కెపాసిటర్లు (కరెంటు నిలవ చేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయి ఉంటాయి. మన ఎండలకు, అందులోనూ మానిటర్ వెనక గాలి ఆడని అంగళ్లలో, అవి తల పైన ఉబ్బుతాయి. నేను ఎక్కువగా చూసే కేసు ఇదే, దీనికి మొత్తం సిస్టమ్ మార్చమని చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది.

నువ్వు మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా ఆ బోర్డులో పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. టీవీలు బాగుచేసే వాళ్ల దగ్గరికి మానిటర్ ఒక్కటే తీసుకుపో. ఉబ్బినవాటికి బదులు అదే మైక్రోఫారడ్ (నిలవ సామర్థ్యం), అదే వోల్టేజి లేదా ఒక మెట్టు ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయమని అడుగు. ట్యూబే పోయిందంటే మాత్రం ఆ ఖర్చుకు ఒక సెకండ్ హ్యాండ్ మానిటర్ మేలు.

ప్రొద్దుటూరు_ప్రింట్స్:
అంతవరకు పని ఆగకూడదంటే ఇంట్లో టీవీ వెనక చూడండి, మానిటర్ కేబుల్ తగిలించే వీజీఏ పోర్టు ఉంటే అదే కేబుల్ పెట్టుకోవచ్చు. నేను ఒక వారం అలాగే నడిపించా. ఇంకొక్క మాట, తెర వెలగ్గానే మొదట ఫైళ్లు బయటికి కాపీ చేయండి. అనూ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదివే అక్షరాల పద్ధతి) కాదు, రేపు హార్డ్ డిస్క్ పోతే అక్షరాలు ఇంకెక్కడా సరిగా తెరుచుకోవు, అందుకే ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా తీసుకోండి. నేను ఆలస్యం చేసి మా పాత కార్డుల డిజైన్లన్నీ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ కస్టమర్లు వచ్చి అవే అడుగుతారు.

అనంత_డీటీపీ:
సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక టీవీ రిపేరు ఆయన నా ముందే విప్పాడు. రెండు కెపాసిటర్లు తల ఉబ్బి ఉన్నాయి. మార్చాక పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా ఆరలేదు. మా నాయన చేసిన మొదటి కార్డు ఫైలు కూడా అందులోనే ఉందన్నా, అది పోయి ఉంటే ఆయనకు ఏమని చెప్పేవాణ్ణో. ఇప్పుడు బయటి డిస్క్‌లోకి కాపీ పెట్టా, ఇంకా 40 నిమిషాలు చూపిస్తోంది.