రిస్క్ రిజిస్టర్‌లో ఎరుపు, స్టీరింగ్ కమిటీలో పచ్చ: తప్పు ప్రాసెస్‌దా, కల్చర్‌దా?

పాతబెంచీ:
కంపెనీ పేరు అడగొద్దు. ఒక క్లయింట్ పాత డేటాని కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించే ప్రాజెక్టు. గో-లైవ్‌కి, అంటే కొత్త సిస్టమ్ మొదలుపెట్టే రోజుకి, ఆరు వారాల ముందే రిస్క్ రిజిస్టర్‌లో, అంటే ఏమేం తేడా కొట్టొచ్చో రాసి రంగులు వేసే పట్టికలో, రాశాను: పుట్టినతేదీ లేని పాత రికార్డులు బోలెడు ఉన్నాయి, కొత్త సిస్టమ్ వాటిని తీసుకోదు అని. రంగు ఎరుపు. మధ్యాహ్నానికి మేనేజర్ ఫోన్. "ఎరుపు చూస్తే క్లయింట్ కాల్ పెడతాడు. అంబర్‌లో (పసుపులో) ఉంచు, లోపల మనం చూసుకుందాం." మార్చాను. మార్చింది నేనే, అది దాచను. ప్రాజెక్టుని పైనుంచి చూసే పెద్దల స్టీరింగ్ కమిటీ స్లైడ్‌కి వెళ్లేసరికి అది పచ్చగా అయిపోయింది. ఎవరు మార్చారో ఇప్పటికీ తెలీదు.

శనివారం రాత్రి లోడ్ మధ్యలో ఆగింది. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పాత సిస్టమ్‌నే మళ్లీ పైకి తెచ్చాం. దీన్నుంచి మావాళ్లు నేర్చుకున్నదేంటంటే, రిజిస్టర్‌లో ఇంకో మూడు కాలమ్స్ చేర్చారు! జబ్బు కల్చర్‌ది, మందు ఎక్సెల్‌కి వేస్తున్నారని నా వాదన. ఏమంటారు?

గాంట్‌చార్టు గురువు:
ఒప్పుకోను. కల్చర్‌ని తిడితే ఎవరికీ దెబ్బ తగలదు, అందుకే అందరూ దాన్నే తిడతారు. మీ రిజిస్టర్‌లో ఎరుపనేది మీ అభిప్రాయం. మీ అభిప్రాయాన్ని ఆయన అభిప్రాయం కొట్టేసింది. దానికి బదులు, తేదీ లేని రికార్డులు రెండు శాతం దాటితే ఎరుపు అని మొదటి రోజే క్లయింట్ ముందు రాసుకుని ఉంటే ఫోన్ చేసి మార్చమనడానికి ఏముంటుంది? అసలు రిహార్సల్ లోడ్ ఎన్నిసార్లు చేశారు? కల్చర్ మారడానికి పదేళ్లు పడుతుంది, రూల్ సోమవారం పెట్టొచ్చు.

పాతబెంచీ:
రిహార్సల్ ఒక్కసారే, అదీ శాంపిల్ డేటాతో. ఆ మాట నిజమే.

రాత్రిషిఫ్టు టెస్టర్:
గురువు గారూ, నాసా దగ్గర రూల్స్ తక్కువైనాయా? 2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ లేచిన 82 సెకన్లకి ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. మర్నాడు వీడియోల్లో చూశారు కూడా. కక్ష్యలో ఉండగానే రెక్కని ఫొటో తీయించండని లోపలి నుంచి మూడుసార్లు, వేర్వేరు దారుల్లో అడిగారు. తీయించలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు.

మీరు చెప్పే గీత అక్కడ ఉంది. డిజైన్ ప్రకారం నురుగు ఊడి షటిల్‌కి తగలనే కూడదు. కానీ అంతకుముందు ఎన్నోసార్లు ఊడింది, ప్రతిసారీ క్షేమంగా దిగారు. దాంతో అది ప్రమాదం నుంచి రిపేరు పని కిందికి జారిపోయింది. విచారణ బోర్డు అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, ఈ ప్రమాదంలో నురుగుకి ఎంత పాత్ర ఉందో సంస్థ కల్చర్‌కీ అంతే ఉందని రాసింది.

1986లో ఛాలెంజర్ షటిల్ సంగతి ఇంకా ఘోరం. ముందు రాత్రి టెలికాన్ఫరెన్స్‌లో, దాని బూస్టర్ రాకెట్లు చేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే ఎగరొద్దన్నారు, రాకెట్ అతుకుల్లోని ఓ-రింగులనే రబ్బరు సీళ్ల భయంతో. అక్కడ ప్రశ్నే తిరగబడింది. మామూలుగా క్షేమమని చూపించాలి, ఆ రాత్రి మాత్రం క్షేమం కాదని రుజువు చేయమన్నట్టు అయింది. వాళ్ల మేనేజర్లే మాట మార్చుకున్నారు. మర్నాడు లేచాక 73 సెకన్లు, అంతే, ముక్కలైంది.

పటాన్‌చెరు షాప్‌ఫ్లోర్:
ఐటీ వాళ్ల రంగుల గోల నాకు తెలీదు గానీ తాడు సంగతి చెప్తా. టొయోటాలో ఆండాన్ తాడు ఉంటుంది కదా, తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగొచ్చు, సరి కాకపోతే లైన్ ఆగుతుంది. మేం గతంలో పనిచేసిన ప్లాంట్‌లో అలాంటిదే కట్టారు. ఎర్ర తాడు, పక్కన బోర్డు, ప్రారంభానికి కొబ్బరికాయ కూడా కొట్టారు. మూడో వారంలో ఒక కుర్రాడు లాగాడు, మూత సరిగా కూర్చోవట్లేదని. లైన్ పదకొండు నిమిషాలు ఆగింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి పరిగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట "ఎవడ్రా లాగింది?" మూత గురించి అడగనే లేదు. ఆ తర్వాత నేనున్న రెండేళ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము పట్టి ఎర్ర తాడు బూడిద రంగుకి వచ్చింది.

గాంట్‌చార్టు గురువు:
ఆ తాడే నాకు సాక్ష్యం. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు గైర్హాజర్లతో, గొడవలతో నడవలేక 1982లో మూతపడింది. 1984లో టొయోటాతో కలిసి తెరిచారు. ఎక్కువమంది ఆ పాత కార్మికులే. పని పద్ధతి మార్చారు, కార్ల నాణ్యత ఎక్కడికో వెళ్లింది. ముందు పద్ధతి, వెనకే కల్చర్.

పటాన్‌చెరు షాప్‌ఫ్లోర్:
సార్, ఆ పద్ధతినే జనరల్ మోటార్స్ తన మిగతా ప్లాంట్లకి ఎత్తుకెళ్లబోతే అంత తేలిగ్గా అంటుకోలేదు కదా. తాడు ఒకటే, లాగినప్పుడు వచ్చేవాడు వేరు. ఫ్రీమాంట్‌లో టీమ్ లీడర్ సాయానికి వచ్చాడు. మా దగ్గర తిట్టడానికి వచ్చాడు.

గాంట్‌చార్టు గురువు:
సరే, వచ్చేవాడు ఏం చేయాలన్నది కూడా పద్ధతిలో రాయాలి. అంతవరకు తగ్గుతాను.

సూళ్లూరుపేట అల్లుడు:
మావైపు కథ ఒకటి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఇస్రో మొదటి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్. కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఆపితే, నిపుణుల మాట మీద దాన్ని పక్కనపెట్టి వదిలారని ప్రాజెక్ట్ డైరెక్టర్ కలామే తర్వాత చాలాసార్లు చెప్పారు. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. రిస్క్ లెక్కలో అది పచ్చి తప్పే. కానీ పత్రికల ముందుకి ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే వెళ్లి బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లాక పత్రికల ముందుకి కలామ్‌ని పంపారు. కంప్యూటర్ మాట కాదన్నవాడు ఆ సంగతి తన నోటితో చెప్పుకోగలిగాడంటే ఆ చోటు ఎలాంటిదో ఆలోచించండి.

రాత్రిషిఫ్టు టెస్టర్:
అది ధావన్ గారి గొప్పతనం, ఇస్రో కల్చర్ అని అప్పుడే రాసేయకండి. ఆయన స్థానంలో మా డెలివరీ హెడ్ ఉంటే కలామ్ గారు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీదే రిటైరయ్యేవారు.

పాతబెంచీ:
నవ్వొచ్చింది గానీ కడుపు మండింది కూడా. నిన్న ఒక విషయం తెలిసింది. ఆ రోజు మా మేనేజర్ నాకు ఫోన్ చేయడానికి ముందు ఆయనకి పైనుంచి ఫోన్ వచ్చిందట. ఆయన మీద కోపం సగం పోయింది, సగం ఉంది.

వచ్చే నెల రెండో ప్రయత్నం. గురువు గారు చెప్పిన రెండు శాతం గీత క్లయింట్‌తో కలిసి రాయించాను, పూర్తి డేటాతో రెండు రిహార్సళ్లు కూడా ఒప్పించాను. ఎరుపు మార్చమంటే ఈసారి మెయిల్‌లో అడగండి అంటాను.

రాత్రిషిఫ్టు టెస్టర్:
మెయిల్‌లో అడగరు బ్రదర్. టీకి పిలుస్తారు.