నవ్వించకుండా భయపెట్టే దెయ్యం సినిమాలు చెప్పండి

రెండో ఆట:
హాస్యం కలవని దెయ్యం సినిమాల పేర్లు కావాలి. 2013లో ప్రేమకథా చిత్రమ్ బాగా ఆడినప్పటి నుంచి మన దగ్గర దెయ్యం అంటే నవ్వుల సరుకైపోయింది. పాడుబడ్డ బంగళా ఒకటి, అందులో కేకలు పెడుతూ పరుగెత్తే కమెడియన్లు నలుగురు ఉంటే సినిమా తయారు. వాటిలోనూ మంచివి లేకపోలేదు. ఆనందో బ్రహ్మలో మనుషులను చూసి దెయ్యాలు జడుసుకోవడం నిజంగా మంచి ఊహ. కానీ నాకు కావలసింది వేరు. సినిమా అయిపోయాక వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకోవడానికి కూడా వెనుకాడాలి.

రక్తపాతం మీద ఆధారపడేవి వద్దు. కాంజ్యూరింగ్, మసూద, విరూపాక్ష చూశాను. ఏ భాషైనా ఫరవాలేదు. పేరు మాత్రమే రాసి వదిలేయకుండా, ఎందుకు భయమేస్తుందో కూడా రాయండి.

పాత రీలు:
రాత్రి. 1992, రామ్ గోపాల్ వర్మ. తెలుగులోనూ హిందీలోనూ తీశారు, హిందీలో పేరు రాత్. రేవతి కథానాయిక. మాంత్రికుడిగా ఓం పురి. మణిశర్మ నేపథ్య సంగీతం ఇచ్చిన తొలి సినిమా కూడా ఇదే.

ఎందుకు భయమేస్తుందంటే, ఇందులో దెయ్యం జుట్టు విరబోసుకుని మన ముందుకు రాదు. కెమెరాయే దెయ్యం. నేలకు ఆనుకున్నంత కిందనుంచి కదులుతూ ఆ అమ్మాయి వెంట పడుతుంది. మొదట్లోనే ఒక కల వస్తుంది. మనిషి జాడ లేని ఊళ్లో రేవతి ఒంటరిగా పరుగెడుతూ ఉంటుంది. తరుముతున్నది ఎవరో చూపించరు. చూపించకపోవడం వల్లనే మన కన్ను తెర మీద ప్రతి మూలనూ వెతుకుతుంది. ఇక ఆ పిల్లిపిల్ల సంగతి. చచ్చిపోయిందని మనకు తెలుసు, అయినా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. అంతకుముందు దాకా మన సినిమా దెయ్యాలు శ్మశానంలోనో, ఊరి బయట మర్రిచెట్టు మీదో, జమీందారు కోటలోనో ఉండేవి. వర్మ దాన్ని తెచ్చి మధ్యతరగతి ఇంట్లో పెట్టాడు. స్కూటరు, టిఫిను, కాలేజీ కబుర్ల మధ్య పెట్టాడు. అప్పుడు అది మన ఇంట్లో కూడా ఉండగలదు.

ఇది చూశాక ఆలస్యం చేయకుండా భూతకాలం చూడండి. మలయాళం, 2022. మళ్లీ రేవతే, ముప్పై ఏళ్ల తర్వాత, ఈసారి తల్లి పాత్రలో. అద్దె ఇల్లు, మనసు కుంగిపోయిన తల్లి, ఉద్యోగం దొరకని కొడుకు. అంతే కథ. ఇంట్లో నిజంగా ఏదైనా ఉందా, లేక ఇద్దరి మనసుల్లోనే ఉందా అన్నది దర్శకుడు రాహుల్ సదాశివన్ చాలాసేపటి వరకు తేల్చడు. ఒకరి మాట ఒకరు నమ్మరు. అర్ధరాత్రి కొడుకు గదిలో చప్పుడైతే, తల్లి వాడు మందు తాగాడనుకుంటుంది. ఈ అపనమ్మకమే దెయ్యం కంటే ఎక్కువ భయపెడుతుంది. ఈ పాత్రకు రేవతికి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు వచ్చింది. భయం సినిమాలో నటనకు అవార్డు రావడం ఎంత అరుదో మీకు తెలుసు.

కృష్ణాతీరం:
ఇంత రాసి అరుంధతి పేరెత్తకపోవడం న్యాయం కాదు పాత రీలు గారూ. 2009లో హాల్లో చూసినవాళ్లను అడగండి. సోనూ సూద్ శరీరం, రవిశంకర్ గొంతు కలిసి పశుపతిని తయారుచేశాయి. "వదల బొమ్మాళీ" అన్న మాట ఊరూరా మోగింది. ఈరోజుకీ బనగానపల్లె దగ్గరి నవాబు బంగళాను జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు.

పాత రీలు:
గొప్ప సినిమాయే, కాదనను. కానీ అది వీరగాథ. కోడి రామకృష్ణ అమ్మోరులో చేసిన పనినే అక్కడ ఇంకా పెద్ద స్థాయిలో చేశారు. చివరికి శక్తి గెలుస్తుందని టికెట్ కొన్నప్పుడే తెలుసు. విఠలాచార్య జగన్మోహినిలో దెయ్యం కట్టెలకు బదులు పొయ్యిలో కాలు పెట్టి వంట చేస్తుంది. మనవాళ్లు దాన్ని కళ్లప్పగించి చూశారే తప్ప వణికిపోలేదు. అద్భుతం వేరు, భయానకం వేరు అని మన అలంకార శాస్త్రమే విడదీసి చెప్పింది. రెండో ఆట గారు అడిగింది రెండోది.

కృష్ణాతీరం:
ఒప్పుకోను. పశుపతి పిశాచం అయ్యాక పుట్టిన భయం కాదు నాది. వాడు బతికి ఉన్నప్పటిది. ఆ ఇంటి అల్లుడు. ఆ హోదా ఉంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేరు. చూపులేని నాట్య గురువును వాడు ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. ఆ ఘట్టంలో మంత్రాలూ లేవు, గ్రాఫిక్సూ లేవు. సొంత ఇంట్లో, అందరూ ఉండగా, ఆడపిల్లకు రక్షణ లేకపోవడం భయానకం కాకపోతే మరేమిటి? మీ అలంకార శాస్త్రం దీనికి ఏ పేరు పెడుతుందో చెప్పండి.

పాత రీలు:
ఆ ఘట్టం వరకు మీ మాట ఒప్పుకుంటున్నాను. సినిమా మొత్తానికి కాదు.

నీలిపిల్లి:
అసలు చిక్కు ఎక్కడుందో నేను చెబుతాను. ఫ్లాష్‌బ్యాక్. మన దెయ్యం సినిమాల్లో ఇంటర్వెల్ దాకా ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత ఎవరో పెద్దమనిషి వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెడతాడు. పాతికేళ్ల క్రితం ఈ ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది, ఆమెకు అన్యాయం జరిగింది, అందుకే పగ. అంతే, భయం ఆవిరైపోతుంది. దెయ్యం మీద జాలి పుడుతుంది. కారణం తెలిసిన దెయ్యం సగం మనిషే.

మసూద మొదటి గంటన్నర ఎంత బాగుంటుంది! ఒంటరి తల్లి, ఏదో పట్టిన కూతురు, పక్కింటి పిరికి కుర్రవాడు. తిరువీర్ ఆ కుర్రవాడి పాత్రలో భయాన్ని ఎంత నిజంగా చూపించాడంటే, వాడికి కలిగిన ప్రతి వణుకూ మనకూ కలుగుతుంది. గతం విప్పడం మొదలయ్యాక నాకు పట్టు సడలింది.

అందుకే నా ఓటు కౌన్‌కు. 1999, హిందీ, వర్మే. ఒక ఇల్లు, వాన, ఊర్మిళ, మనోజ్ బాజ్‌పేయి, సుశాంత్ సింగ్. మాటలు రాసింది అనురాగ్ కశ్యప్. పాటలు లేవు. దెయ్యమూ లేదు. తలుపు అవతల నిలబడినవాడు మంచివాడో కాదో తెలియకపోవడం ఒక్కటే ఉంది. చివరిదాకా గతం చెప్పి ఓదార్చేవాళ్లు ఎవరూ రారు.

సముద్రమవతల:
ఫ్లాష్‌బ్యాక్ ఉన్నంత మాత్రాన భయం పోదు నీలిపిల్లి గారూ, అది ఎవరి నోట వస్తుందన్నది ముఖ్యం. మణిచిత్రతాళు తీసుకోండి. 1993, ఫాజిల్. మనం చంద్రముఖిగా చూసిన కథకు మూలం అదే. కన్నడంలో ఆప్తమిత్ర, హిందీలో భూల్ భులయ్యా కూడా అదే కథ. అందులో నాగవల్లి గతం సగంలోనే చెప్పేస్తారు. అయినా భయం పెరుగుతూనే పోతుంది. ఎందుకంటే మనం చూడవలసింది దెయ్యాన్ని కాదు. గంగ అనే మామూలు ఇల్లాలి ముఖం కొద్దికొద్దిగా మరొకరి ముఖం కావడాన్ని. మంచం ఎత్తే ఆ ఘట్టంలో శోభన కళ్లు చూడండి. జాతీయ ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. చంద్రముఖి చూసినవాళ్లు కూడా ఇది విడిగా చూడాలి. రెండింటి రుచి పూర్తిగా వేరు.

ఇంగ్లిష్‌లో ద ఎక్సార్సిస్ట్ (1973) గురించి అందరూ తల తిరగడం, మెట్లు, వాంతులు అని చెబుతారు. నన్ను కుదిపేసింది ఆసుపత్రి ఘట్టం. పాపకు ఏమైందో కనుక్కోవడానికి వైద్యులు మెడలో సూది గుచ్చి చేసే పరీక్ష. తల్లి బయట నిలబడి ఉంటుంది. మందులు, యంత్రాలు, పెద్ద వైద్యులు అన్నీ అయిపోయాకే మతగురువు దగ్గరకు వెళ్తుంది. అందుకే ఆ సినిమా నమ్మిస్తుంది. పాప పడకగది సెట్‌ను నిజంగానే గడ్డకట్టేంత చల్లబరిచి తీశారు, నటుల నోట్లోంచి వచ్చే ఆవిరి అసలుదే.

ఇంకొకటి, పట్టపగలు భయపెట్టే నలుపు తెలుపు సినిమా ద ఇన్నోసెంట్స్ (1961). చెరువుకు అవతల గడ్డిలో నల్లబట్టల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. కదలదు. అరవదు. అంతే.

మెతుకుసీమ:
నేను వేరే మాట చెప్పాలి. మా ప్రాంతంలో బాణామతి, అంటే చేతబడి, అన్నది సినిమా మాట కాదు. ఫలానా ముసలామె బాణామతి చేస్తోందని అనుమానించి కొట్టడం, పళ్లు పీకడం, చంపడం ఉమ్మడి మెదక్ జిల్లాలో జరిగాయి. జన విజ్ఞాన వేదికవాళ్లు ఊళ్లు తిరిగి, మంటలు ఎలా లేస్తాయో, నిమ్మకాయలోంచి రక్తం ఎలా వస్తుందో చేసి చూపించి, ఇది రసాయనమే అని చెప్పవలసి వచ్చింది. ఆ ప్రదర్శనలు చూస్తూ పెరిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకని మా ఊరి పొలిమేర లాంటి సినిమాలు చూసినప్పుడు నాకు రెండు భయాలు కలుగుతాయి. సినిమాగా బాగా తీశారు. సత్యం రాజేష్‌ను అలాంటి పాత్రలో ఎవరూ ఊహించలేదు. ఊరు, యాస, ఇళ్లు అన్నీ నిజంగా ఉన్నాయి. ఆ నిజమే నాకు ఇబ్బంది. చేతబడి నిజంగా పనిచేస్తుందని అంత నమ్మకంగా చూపిస్తే, రేపు ఏ ఊళ్లో ఏ ఒంటరి ఆడమనిషి మీద అనుమానం పడుతుందో ఆలోచించండి. యండమూరి తులసిదళం వారపత్రికలో వస్తున్న రోజుల నుంచీ ఈ చర్చ ఉంది. అది ఇంకా తేలలేదు.

నీలిపిల్లి:
అలా అయితే దెయ్యం కథలే రాయకూడదు కదా మెతుకుసీమ గారూ. కాంజ్యూరింగ్ చూసి ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

మెతుకుసీమ:
రాయవద్దని అనలేదు. దెయ్యం మీద కథ రాస్తే ఎవరికీ హాని లేదు, దెయ్యానికి ఇల్లూ చిరునామా ఉండవు. చేతబడి చేసేవాళ్లు అని ముద్ర వేస్తే ఆ ముద్ర పడేది బతికి ఉన్న మనిషి మీద, సాధారణంగా భూమో భర్తో లేని ఆడమనిషి మీద. విరూపాక్ష మొదటి ఘట్టం చూడండి. చేతబడి అనుమానంతో ఊరంతా కలిసి భార్యాభర్తలను తగలబెడుతుంది. దేవుళ్లు, శాపాలు, అష్టదిగ్బంధనం వచ్చాక జరిగిన వాటిలో ఏదీ నన్ను అంత భయపెట్టలేదు. ఆ మంట చుట్టూ నిలబడిన ముఖాలు నేను ఎరిగిన ముఖాల్లా ఉన్నాయి. సినిమా అక్కడే ఇంకాసేపు నిలబడి ఉంటే నా దృష్టిలో అది మన భాషలో అన్నిటికంటే గొప్ప భయం సినిమా అయ్యేది.

సముద్రమవతల:
మెతుకుసీమ గారూ, మీరు ద వెయిలింగ్ (2016, కొరియా) తప్పక చూడాలి. మారుమూల పల్లె, ఆగని వాన, అంతుబట్టని చావులు. ఊరి బయట ఉంటున్న ఒక జపాన్ ముసలాయన మీద అందరి అనుమానం. పోలీసు అయిన తండ్రి కూతురిని కాపాడుకోవడానికి భూతవైద్యుడిని పిలిపిస్తాడు. ఇటు డప్పులు మోగుతూ పూజ, అటు ఆ ముసలాయన చేసే పూజ, రెండూ ఒకదాని వెంట ఒకటి చూపిస్తారు. ఎవరు ఎవరిని చంపుతున్నారో ఆ క్షణంలో మనకు తెలియదు, తండ్రికీ తెలియదు. అనుమానం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందన్నదే ఆ సినిమా. రెండున్నర గంటలు దాటుతుంది, ఒక్క నిమిషం వృథా లేదు.

వెన్నెల:
మసూదలో ఒక సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నాను. నాకు ఆ సినిమా నచ్చింది. సంగీత పోషించిన టీచరు పాత్ర, సైన్సు చెప్పే మనిషి కూతురి కోసం నమ్మకాలను ఒక్కొక్కటిగా వదులుకోవడం, మనసును కలచివేస్తుంది. కానీ బురఖాలో ఉన్న స్త్రీ ఆకారాన్నే భయానికి గుర్తుగా వాడారు. మా వీధిలో రోజూ కనిపించే ఆంటీల వేషం అది. పిల్లలు ఆ సినిమా చూసి వాళ్లను ఎలా చూస్తారు?

కృష్ణాతీరం:
కాపాడేవాళ్లు కూడా అదే సమాజం నుంచి వచ్చినవాళ్లే కదండీ ఆ సినిమాలో. తెల్లచీర, విరబోసిన జుట్టు చూపించినప్పుడు మనం ఇలా అడగలేదు.

వెన్నెల:
అడగవలసింది. తెల్లచీర కట్టుకున్న వితంతువును చూసి జడుసుకోవడం నేర్పింది కూడా సినిమాలే. ఒక తప్పు ఇంకొక తప్పుకు సమాధానం కాదు.

నా వంతుగా ఒక పేరు. 13బి. 2009, తర్వాత తెలుగులో ఇష్క్, మనం సినిమాలు తీసిన విక్రమ్ కుమార్ దర్శకత్వం. తమిళంలో యావరుం నలం. మాధవన్ కుటుంబం కొత్త ఫ్లాట్‌లోకి వస్తుంది. లిఫ్టు అందరికీ పనిచేస్తుంది, అతనొక్కడు ఎక్కితే కదలదు. ఆ ఇంట్లో ఫోనుతో తీసిన అతని ఫొటో వికృతంగా వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆడవాళ్లు చూసే టీవీ సీరియల్‌లో వీళ్ల ఇంట్లో జరుగుతున్నవే జరుగుతుంటాయి. మన ఇళ్లలో అన్నం తినే వేళకు సీరియల్ పెట్టుకోని ఇల్లు ఎన్ని? ఆ అలవాటునే పట్టుకుని భయపెట్టాడు. పి.సి. శ్రీరామ్ కెమెరా ఆ చిన్న ఫ్లాట్‌ను అంతులేని చోటుగా మార్చేసింది.

పాత రీలు:
చక్కగా చెప్పారు వెన్నెల గారూ. అదే కోవలో తుంబాడ్ (2018) కూడా రాయాలి. అక్కడ దెయ్యం కాదు, ఆకలిగొన్న దేవుడు. పిండిబొమ్మ పట్టుకుని మనిషి లోపలికి దిగేటప్పుడు, ఆ దేవుడి మొలగుడ్డలోని బంగారు నాణేల మీద ఆశ ఎంత బలమైనదో చూడండి. వీలైతే పెద్ద తెర మీద చూడండి. 2024లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువమంది చూశారు.

ఇంకొక మాట, ఇవన్నీ ఫోనులో చూడవద్దు. భయం సినిమాలో సగం పని శబ్దానిది. రాత్రి సినిమాలో కొన్నిచోట్ల సంగీతం ఆగిపోతుంది, ఆ ఆగడం వినపడాలంటే మంచి స్పీకర్లో, చెవికి హెడ్‌ఫోన్సో కావాలి. మధ్యలో ఆపి టీ పెట్టుకుని రావద్దు. ఆపితే భయం మళ్లీ మొదటినుంచి పేరుకోవాలి.

రెండో ఆట:
అందరికీ కృతజ్ఞతలు. ముందుగా రాత్రి, భూతకాలం వరుసగా చూశాను. రాత్రిలో చివరి భాగం, ఓం పురి నేలమాళిగలోకి దిగేది, నాకు మొదటి సగమంత పట్టలేదు. మంత్రతంత్రాలు మొదలయ్యాక ఇల్లు మామూలు ఇల్లు కాకుండా పోయింది. నీలిపిల్లి గారు చెప్పినదే జరిగింది. భూతకాలం మాత్రం పూర్తిగా పట్టేసింది. తల్లీకొడుకులు భోజనం దగ్గర గొడవపడే ఘట్టాలే అన్నిటికంటే బరువుగా అనిపించాయి. ఈ దర్శకుడివి ఇంకేమైనా ఉన్నాయా?

పాత రీలు:
భ్రమయుగం, 2024. మమ్ముట్టి. మొత్తం నలుపు తెలుపులో తీశారు. పూర్వకాలపు కేరళలో శిథిలమైన ఇల్లు, ఆ ఇంటి యజమాని, వంటవాడు, దారితప్పి వచ్చిన పాటగాడు. ముగ్గురే మనుషులు. వచ్చినవాణ్ని యజమాని పాచికలాటకు కూర్చోబెడతాడు, పందెం డబ్బు కాదు, వాడి కాలం. మమ్ముట్టి నవ్వే తీరు ఒక్కటి చాలు. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఆ ఇంట్లో వాన చప్పుడు చాలా బాగా పట్టారు.