సమస్యాపూరణం: మగని విడిచి యాలు మబ్బు నెక్కె

నిర్వాహకుడు: మా మేనకోడలు, అల్లుడు గుడారం కట్టుకుని రెండు రాత్రులు వంజంగి పోయొచ్చారు. పాడేరు పక్కన, మేఘాల కొండ. మా అక్క ఫోన్ చేసి "మొగుణ్ణి కొండ మధ్యలో వదిలేసి మబ్బెక్కేసిందిరా నా కూతురు" అంది. ఆ మాట ఛందస్సులోనే పడ్డట్టు తోచింది. అదే చివరి పాదంగా తలా ఒక పద్యం పూరించండి, కానివ్వండి. స్వర్గారోహణాలు, విడాకులు రాసేవాళ్లు మానుకోండి, అక్క చదువుతుంది.

చోడవరం మాస్టారు: నా పూరణ.

వడివడిగను నడిచి వంజంగి కొండపై
జతగ వచ్చినతడు చతికిలబడె
నూపిరాడదనుచు, నుత్సాహమున దాను
మగని విడిచి యాలు మబ్బు నెక్కె.

తెనాలి గడుసు: నడక బాగుంది మాస్టారూ, మీదీ, అమ్మాయిదీ. 'వడివడిగను'లో ఆ 'ను' మాత్రం ఎవరి కోసం? దాన్ని కూడా గుడారంలో వదిలేసి ఉంటే కొండ తేలికయ్యేది.

చోడవరం మాస్టారు: ఆ 'ను' తీస్తే గణం, అంటే పాదంలో అక్షరాల కొలత, కూలుతుంది నాయనా. నీ పూరణలో తీయడానికి ఏదైనా మిగిలితే కదా, ముందు పెట్టు.

తెనాలి గడుసు: పెడుతున్నా. అందరూ ఆలు అనగానే పెళ్లాం దగ్గరే ఆగిపోతారని తెలుసు.

కోడెగిత్త యాగె కోనలో మేతకై
వలిసె చేనిలోన వంగి వంగి;
దంపతులకు నవ్వు తన్నుకు వచ్చెను:
మగని విడిచి యాలు మబ్బు నెక్కె!

నిర్వాహకుడు: ఆలు అంటే ఆవులు! వీపు తట్టాను, అక్కడికి అందిందనుకో. అక్కకి కూడా అభ్యంతరం ఉండదు.

నల్గొండ తమ్ముడు: నేను ఆలుగడ్డ అనుకున్న అన్నా.

కాఫీతోట: మాది పాడేరే. పద్యం చమత్కారం, ఒప్పుకున్నాను. కానీ వలిసె అంటే నూనెగింజల పంట, పశువులు దాని పచ్చి మొక్క ముట్టవండీ. అందుకే మావాళ్లు వలిసె చేలకి పెద్దగా కంచె కట్టరు. పసుపు పరిచినట్టుండే పూలు ఫొటోలో చూసి గిత్తకి కూడా నోరూరుతుందనుకున్నారు మీరు.

చోడవరం మాస్టారు: ఆహా!

తెనాలి గడుసు: సవరణ: "వరిపొలమ్ములోన వంగి వంగి". యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ, కదలలేదు, చూసుకోండి.

చోడవరం మాస్టారు: యతి కదల్లేదు గానీ పొలం రైతు కర్రతో కదిలొస్తాడు. వలిసెలోనే నయం, గిత్త ఆకలితోనైనా బతికేది.

నల్గొండ తమ్ముడు: మా దిక్కు మబ్బుల లేసుడు అంటే తెల్లారకముందు లేచుడు. ఆ అర్థంల రాసిన, సూడుండ్రి.

తెల్లవారకుండ దెరదీసి చూడగా
గురక పెట్టుచుండె గుర్రుమనుచు;
లేపి లేపి విసిగి లేటగునని తాను
మగని విడిచి యాలు మబ్బు నెక్కె.

కాఫీతోట: ఇదే నిజానికి దగ్గర. చలికాలం రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, తేమంతా కింద మంచై నిలబడుతుంది. చీకటితో ఎక్కినవాళ్లకే పాల సముద్రం. ఎండ ముదిరితే అదే పైకి లేచి మనల్ని కమ్మేసి పోతుంది. గురకపెట్టినవాడికి మిగిలేది తెల్లటి గోడే.

తెనాలి గడుసు: వాతావరణం సరే, వ్యాకరణం? తెల్లవారుజామున ఎక్కింది అనాలంటే 'మబ్బున నెక్కె' కావాలి. ఒక 'న'ని మింగేశాడు తమ్ముడు. మాస్టారి దగ్గర ఒక 'ను' ఎక్కువగా ఉంది, అప్పడగొచ్చు.

నల్గొండ తమ్ముడు: 'న' సంగతి నువ్వు చెప్పుడేందన్నా? పోయిన ఉగాదికి ఆవకాయ పద్యంల 'క'కి 'చ' యతి ఏసి, "జాడీలో ఊరితే కలిసిపోతాయి" అన్నదెవరు?

చోడవరం మాస్టారు: ఆ జాడీ నేనింకా దాచుకున్నాను. మూత తీయమంటారా?

నిర్వాహకుడు: వద్దు. ఆ దారం నూట పద్నాలుగు జవాబుల దాకా పోయి, చివరికి ఎవరి ఊరి నూనె మంచిదనే దగ్గర తేలింది. తమ్ముడి భావానికి పూర్తి మార్కులు, 'న'కి కోత. 'లేటు' ఉండనీయండి, ఆ పిల్ల అనే మాటే అది.

మేనకోడలు: మావయ్యా, నా కాపురం మీద ఇన్ని పద్యాలా! అమ్మ పంపితే వచ్చాను. మాడుగులలో ఆగి రెండు కిలోల హల్వా కొన్నది ఆయనే, గుడారంతో పాటు మోసిందీ ఆయనే. జరిగింది ఇదీ:

"మూట మోసి మోసి మోకాలు వాచెను,
వెళ్లి ర"మ్మటంచు వీడ్కొలుపగ,
ఫొటొల కొరకె గాని పొగరుతో కాదయ్య
మగని విడిచి యాలు మబ్బు నెక్కె!

చోడవరం మాస్టారు: భేష్ తల్లీ! అసలు ఆలే వచ్చి పూరించాక మేమెందుకు? మా ఊరి మీదుగా వెళ్లి హల్వా ఇవ్వకుండా పోవడం మాత్రం దోషమే.

తెనాలి గడుసు: దోషమంటే గుర్తొచ్చింది. 'ఫొటో'లో దీర్ఘాన్ని నలిపేశావు చెల్లెమ్మా. సాగదీస్తే గణం పోతుంది. "పొద్దుపొడుపు కొరకె, పొగరుతో కాదయ్య" అను. యతి నిలుస్తుంది, గౌరవంగానూ ఉంటుంది.

నల్గొండ తమ్ముడు: మాట పడది గానీ, గీ సవరణ మంచిగుందన్నా.

మేనకోడలు: బాగుంది అన్నయ్యా, కానీ అబద్ధం. పొద్దు పొడిచేటప్పుడు నేను దానికి వీపు పెట్టి నిలబడ్డాను, ఫొటొ కోసం. నలిగిందే ఉండనివ్వండి.