కొత్త బండికి మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఘాట్ మీద తిరిగేవాళ్లు చెప్పండి

జైపూర్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జైపూర్. కొత్తగా 125 సీసీ బండి తీసుకున్నాను. మీటరు ఇప్పుడు 410లో ఉంది. ఉద్యోగం కొరాపుట్‌లో, రోజూ ఘాట్ ఎక్కి దిగాలి. షోరూమ్‌లో 500 నుంచి 750 కిలోమీటర్ల మధ్య మొదటి సర్వీసుకి రమ్మన్నారు. మా వీధి మేస్త్రి 300కే ఆయిల్ మార్చాల్సింది, ఇప్పటికే ఆలస్యమైంది అంటున్నాడు. నాన్నగారేమో కంపెనీ పోసిన ఆయిల్ కదా, 2000 దాకా ఉంచు అంటున్నారు. అప్పు చేసి కొన్న బండి. టెన్షన్‌గా ఉంది.

రాయగడ మేస్త్రి:
తమ్ముడూ, ఏమీ మించిపోలేదు. 500 దాటగానే వెళ్లిపో, 750 దాకా ఆగకు. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ, గేర్ల పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని కుదురుకుంటాయి. ఆ రాపిడికి రాలిన లోహపు రజను ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. పైగా మన బైకుల్లో ఇంజన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ కలిపి ఒకటే ఆయిల్. అందుకే మొదటిసారి అంత తొందరగా దించేస్తారు. దించేటప్పుడు పక్కనే నిలబడి, ఆ ఆయిల్‌ని ఎండలో చూడు. వెండి పొడి కలిపినట్టు మెరుస్తుంది. అది చూస్తే మీ నాన్నగారికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

300కి మార్చినా ఇంజన్‌కి నష్టం లేదు, డబ్బే దండగ. బయట మార్పించినా షోరూమ్‌లో మొదటి సర్వీసు మాత్రం మానకు. పుస్తకంలో ముద్ర పడకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు మాట పడాల్సి వస్తుంది.

గుణుపురం రైతు:
నా అనుభవం చెప్తాను బాబూ, ఎవరూ ఇలా చేయకండి. కోతల రోజుల్లో తీరిక లేక మొదటి సర్వీసు వదిలేశాను. 2,300 దగ్గర గేరు పడటం బిగుతైపోయింది, న్యూట్రల్ దొరికేది కాదు. ఆయిల్ దించితే మామూలుగా రావాల్సిన దాంట్లో మూడో వంతు తక్కువ వచ్చింది. ఇప్పటికీ ఆ బండి నెల నెలా కొంత ఆయిల్ తాగుతుంది. అంతా ఆ ఆలస్యం వల్లేనని నేను అనలేను, కొత్తలోనే ముగ్గురం ఎక్కి, వెనక బస్తా కూడా వేసుకుని తిరిగాం. కానీ ఆ రోజు గంట సేపు కేటాయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ట్రాక్టరుకి మాత్రం కిలోమీటర్లు కాదు, గంటలు. మా ట్రాక్టరు పుస్తకంలో మొదటిసారి 50 గంటలకి, తర్వాత 250 గంటలకోసారి అని ఉంది. దాన్ని తప్పకుండా పాటిస్తున్నాను.

పొట్టంగి ఘాట్:
ఎప్పుడు మార్చాలో ఎంత ముఖ్యమో, ఏది పోయాలో అంతకంటే ముఖ్యం. ఇంట్లో కారు ఆయిల్ ఒక లీటరు మిగిలితే నా బైక్‌లో పోయించాను. ఖరీదైన ఆయిల్, ఇంకా మంచిదే కదా అనుకున్నాను. సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది గానీ బండి ముందుకి లాగటం లేదు. క్లచ్ జారిపోతోంది. వెనక మా ఆవిడ, ఒళ్లో పాప. దిగి తోసుకుంటూ వెళ్లాం. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి బాగా తగ్గించే మందులు కలుపుతారట. మన బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి పట్టు దొరకదు. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గేర్లు లేని స్కూటర్లకి ఎంబీ రకం వస్తుంది. చిక్కదనం చెప్పే 10డబ్ల్యూ30 లాంటి అంకె మీ పుస్తకంలో ఏది ఉంటే అదే. వేసవి వచ్చిందని చిక్కటిది పోస్తానంటే ఒప్పుకోకండి.

దమన్‌జోడి కారు:
కార్ల లెక్క వేరు. నా పెట్రోల్ కారు 1000 కిలోమీటర్ల సర్వీసుకి తీసుకెళ్తే ఆయిల్ మార్చకుండా చూసి పంపించేశారు. మోసం చేశారని గొడవ పడ్డాను. ఇంటికొచ్చి పుస్తకం చదివితే 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంది. తప్పు నాదే, మర్నాడు ఫోన్ చేసి చెప్పాను కూడా.

కానీ అదే పుస్తకం వెనక ఇంకో పేజీ ఉంటుంది, దాన్ని ఎవరూ తిప్పరు. దుమ్ము, ఎడతెగని ఘాట్, బరువు లాగడం, ఇంజన్ వేడెక్కేలోపే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలు, ఇలాంటి వాడకానికి గడువు తగ్గించమని రాస్తారు. మన కొరాపుట్ ఎర్ర దుమ్ములో, ఈ మలుపుల్లో తిరిగే మనందరం ఆ పేజీ కిందకే వస్తాం. నేను 5,000కి మార్పిస్తున్నాను, ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే దులిపిస్తాను.

బీఎస్6 డీజిల్ వాళ్లకి ఇంకో మాట. ఊళ్లోనే తిప్పితే పొగ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవడం మధ్యలో ఆగిపోయి, డీజిల్ కొంచెం కొంచెంగా ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే స్టిక్ మీద మట్టం పెరిగితే సంతోషించకండి, వెంటనే చూపించండి.

పర్లాకిమిడి టీచర్:
ఏడాది అన్న మాట మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నాన్నగారి స్కూటర్ బజారుకి, గుడికి తప్ప కదలదు. ఏడాదికి 1,200 తిరిగితే గొప్ప. వానాకాలం అయ్యాక ఆయిల్ పోసే మూత తీస్తే కింద మీగడ లాంటిది తెల్లగా పట్టింది. ఇంజన్ బాగా వేడెక్కకపోవడంతో లోపల పట్టిన తేమ ఆవిరై పోవడం లేదట. అప్పటి నుంచి ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్పిస్తున్నాం.

రాయగడ మేస్త్రి:
అమ్మా, బాగా చెప్పారు. జైపూర్ తమ్ముడూ, మీ నాన్నగారి 2000 మాట ఊరికే వచ్చింది కాదు. అప్పట్లో బళ్లకి ఆ లెక్కే ఉండేది, కాకపోతే అది మొదటి సర్వీసు అయ్యాక. ఇప్పుడు స్ప్లెండర్ లాంటి వాటికి 3000 దగ్గర చూసి తగ్గినంత పోయమని, 6000కి పూర్తిగా మార్చమని ఉంటుంది. నువ్వు రోజూ ఘాట్ ఎక్కుతావు కాబట్టి 6000 దాకా లాగకు, 4000కి మార్పించు. రంగు నల్లబడిందని కంగారు పడొద్దు, మట్టం తగ్గితే కంగారు పడు. ఖాళీ డబ్బాకి కన్నం పెట్టి పారెయ్యి, లేకపోతే కల్తీ సరుకు నింపి అమ్ముతారు. పాత ఆయిల్‌ని గెడ్డలో పోయనివ్వకు. అదే నీళ్లు కింద ఊళ్లో పశువులు తాగుతాయి.

జైపూర్ కుర్రాడు:
అన్నయ్యా, నిన్న 530 దగ్గర మార్పించాను. మీరన్నట్టే మెరిసింది. చిన్న సీసాలో పట్టుకొచ్చి నాన్నగారికి చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసి, "ఇదంతా లోపల తిరుగుతోందా" అన్నారు. కింది బోల్టుకి కొత్త వాషర్ వేయించాను. ఒక్క సందేహం: మట్టం చూసేటప్పుడు స్టిక్‌ని మర బిగించి తీయాలా, ఊరికే పెట్టి తీయాలా?

రాయగడ మేస్త్రి:
చదునైన చోట మెయిన్ స్టాండ్ వెయ్యి. రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగు. స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యి. చాలా బళ్లకి ఇదే పద్ధతి, అయినా నీ పుస్తకంలో ఒకసారి చూసుకో. రెండు గీతల మధ్య ఉంటే చాలు.